పాలున్న చోట బిడ్డ లేడు
(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన బృందం సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "తల్లిపాలా, డబ్బా పాలా: స్త్రీ ఎంపిక". పోస్టరు మీద ఆ చివరి మాట చూసినప్పటి నుంచి కొంచెం ఇబ్బందిగా ఉంది. ఎంపిక అనగానే నాకు రాయపూర్ పక్కన సిల్తారాలో ఒక రేకుల గది గుర్తొస్తోంది. ఆ గదిలో తేల్చుకోలేకపోయిన సంగతిని ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని మనం తేల్చగలమా అని అనుమానం. అందుకని ముందు ఆ గది గురించి చెప్తాను, తర్వాత పాల గురించి.

సిల్తారా తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, ధర్సీవా బ్లాకులో ఉన్న పారిశ్రామిక వాడ అది. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగ్ మిల్లులు, వాటికి కరెంటిచ్చే చిన్న పవర్ ప్లాంట్లు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిరిగే కొలిమిలో కాలుస్తారు. దాని నల్లదుమ్ము చుట్టుపక్కల ఊళ్ళ మీద పడుతూనే ఉంటుంది. చంటిపిల్లల గుడ్డలు ఆరేస్తే, తీసేటప్పుడు దులిపి మడత పెట్టుకోవాలి. పనిచేసేవాళ్ళలో ఛత్తీస్‌గఢ్ పల్లెల సత్నామీలున్నారు, ఒడిశా, బీహార్ వాళ్ళున్నారు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం పుణ్యమా అని మన ఉత్తరాంధ్ర మనుషులూ అక్కడక్కడా తగులుతారు. తెలుగు వినబడితే నేను ఆగిపోయేదాన్ని. అలా పరిచయమైందే ఈ అక్క. పేరు చెప్పను. శ్రీకాకుళం వైపు మన వాడ నుంచి పోయిన మనిషి.

నా పరిశోధన పాల మీద కాదు. హాజరు పట్టీల మీద. కాంట్రాక్టు కూలీల పేర్లు రిజిస్టర్లలోకి ఎలా ఎక్కుతాయి, ఎలా ఎక్కవు అనేది నా ప్రశ్న. ఆ పని మీద వెళ్ళి ఈ పని మీద ఎందుకు పడ్డానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను మొదటిసారి వెళ్ళేనాటికి ఆమెకు రెండో కాన్పయి మూడు నెలలు. నలభై ఐదో రోజున పనిలోకి వెళ్ళిపోయింది. యార్డులో బొగ్గు ఏరడం, నుసి ఊడ్చి తట్టకెత్తడం ఆమె పని. పొద్దున్నే బిడ్డకు పాలిచ్చి వెళ్తుంది. పదకొండు గంటలయ్యేసరికి రొమ్ములు రాయిలా బిగుసుకుంటాయి. గోడ చాటుకు పోయి పిండేసుకుంటుంది. బొగ్గు నుసి మీద పడిన పాలు ఎంతసేపు తెల్లగా ఉంటాయి? సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డను ఒళ్ళో వేసుకుంటే చాలినంత రావు. పాల సంగతి అదే. బిడ్డ చప్పరించే కొద్దీ ఊరతాయి. తాగేవాడు లేకపోతే ఒళ్ళు వాటిని మెల్లగా తగ్గించేస్తుంది. వైద్య పుస్తకాల్లో రెండు పేజీలున్న ఆ విషయాన్ని ఆమె ఇలా చెప్పింది: "పనికాడ పాలున్నాయి, పిల్లడు లేడు. ఇంటికాడ పిల్లడున్నాడు, పాలు లేవు. నానేటి సెయ్యాలమ్మా?"

పిల్లాణ్ణి పగలంతా చూసేది ఏడేళ్ళ కూతురు. ఆ పిల్ల బడి మానేసింది. తల్లిపాల మీద రాసే వ్యాసాల్లో ఈ పిల్లకు ఎక్కడా చోటుండదు. సీసా పట్టుకునే చెయ్యి మాత్రం చాలా ఇళ్ళలో ఇలాంటి పిల్లదే.

అక్క డబ్బా కొనడం మొదలుపెట్టింది. ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. నాలుగు నెలల బిడ్డ రోజుకు సుమారు 800 మిల్లీలీటర్లు తాగుతాడు. సాధారణంగా ఒక స్కూపు పొడి 30 మిల్లీలీటర్ల నీళ్ళకు. స్కూపు నాలుగున్నర గ్రాములనుకుంటే 400 గ్రాముల డబ్బా మూడు రోజులు, మహా అయితే మూడున్నర రోజులు వస్తుంది. నెలకు తొమ్మిది డబ్బాలు. ఒక డబ్బాకు ఆమె రోజు కూలి దాదాపు మొత్తం పోతుంది. పని ప్రతిరోజూ దొరకదు కదా. అంటే దొరికిన పనిలో మూడో వంతో, ఇంకా ఎక్కువో పొడి కోసమే. అందుకని ఆమె ఏం చేసిందంటే, నాలుగు స్కూపులు పడాల్సిన చోట రెండు వేసింది. డబ్బా వారం వచ్చింది. బిడ్డ కడుపు నిండింది, ఒంటికి పట్టలేదు. తూకం వేసిన చోట ఆమెను తిట్టి పంపారు. నీళ్ళు కలిపి పట్టించడానికి సిగ్గు లేదా అన్నారట.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. పొడిపాలంటే పొడి ఒక్కటే కాదు. అది ఏ నీళ్ళలో కలుస్తుందో ఆ నీళ్ళు కూడా బిడ్డే తాగుతాడు. పాలపొడి సూక్ష్మక్రిములు లేనిది కాదు కనుక కనీసం 70 డిగ్రీల వేడి నీళ్ళతో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో చెప్పింది. ప్రతిసారీ నీళ్ళు మరగాలి, సీసా మరగాలి, పాలపీక మరగాలి. రోజుకు ఏడెనిమిది సార్లు ఏడేళ్ళ పిల్ల పొయ్యి వెలిగించాలన్న మాట. పిండిన పాలను దాచి పట్టొచ్చు కదా అని నేనే ఒకసారి అన్నాను, చదువుకున్నదాన్ని కదా. పిండిన పాలు బయట నాలుగు గంటలు నిలుస్తాయన్న లెక్క 25 డిగ్రీల గదికి. మే నెలలో రాయపూర్ రేకుల కింద ఆ లెక్క పనికిరాదు. అక్క నన్ను ఏమీ అనలేదు. నవ్వింది.

ఇక అసలు ప్రశ్న. తల్లిపాలు మేలా? మేలే. అందులో నాకు ఏ తగాదా లేదు. పుట్టిన గంటలోపు మొదలుపెట్టాలి, ముర్రుపాలు పారబోయకూడదు, ఆరు నెలలు తల్లిపాలే, తర్వాత వేరే తిండితో పాటు రెండేళ్ళో ఆ పైనో ఇవ్వాలి. 2016 లాన్సెట్ వ్యాసాల లెక్క ప్రకారం ఈ అలవాటు దాదాపు అందరికీ అందితే ప్రపంచంలో ఏటా 8,23,000 మంది పిల్లలు బతుకుతారు. చనిపోయే ఆ పిల్లలు ఎవరి పిల్లలో ఈ గదిలో విడిగా చెప్పనక్కర్లేదు. కాబట్టి మా నాగరిక మిత్రులు కొందరు అన్నట్టు "రెండూ ఒకటే, తల్లి ఇష్టం" అని సిల్తారాలో అనలేను. శుభ్రమైన నీళ్ళు, ఫ్రిజ్, జీతం, సాయానికి మనిషి ఉన్న ఇంట్లో రెండింటి మధ్య తేడా చిన్నది కావచ్చు. ఇవేవీ లేని గదిలో ఆ తేడా మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

అట్లాగని డబ్బా పాలను పాపంలా చూసేవాళ్ళతోనూ నాకు పడదు. తల్లి చనిపోయిన బిడ్డ ఉంటాడు. కొన్ని మందులు వాడే తల్లి ఉంటుంది. ఎంత ప్రయత్నించినా పాలు పడని బాలింత ఉంటుంది. ఇవ్వడం ఇష్టం లేని మనిషీ ఉంటుంది, ఆ ఒళ్ళు ఆమెది. వాళ్ళకు మంచి పొడి, మంచి నీళ్ళు అందే ధరలో దొరకాలి. అది కూడా హక్కే.

డబ్బా వ్యాపారం చరిత్ర మీలో చాలామందికి తెలుసు. 1974లో బ్రిటన్‌లో 'ద బేబీ కిల్లర్' అనే చిన్న పుస్తకం వచ్చింది. పేద దేశాల్లో పాలపొడి అమ్మకాలు పిల్లల్ని ఎలా చంపుతున్నాయో చెప్పింది. 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ అంతర్జాతీయ నియమావళిని 118 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఓటు, అమెరికాది. మనకు 1992లో చట్టం వచ్చింది, 2003లో గట్టిపడింది. శిశువుల పాలపొడికి, పాల సీసాకు ప్రకటనలివ్వకూడదు, డబ్బా మీద పాప బొమ్మ ఉండకూడదు, ఆసుపత్రుల్లో ఊరికే పంచకూడదు. మంచి చట్టం. ప్రపంచంలో గట్టివాటిలో ఒకటి.

కానీ ఆ చట్టం డబ్బా అమ్మేవాణ్ణి ఆపుతుంది. నలభై ఐదో రోజున బాలింతను గేటు లోపలికి పిలిచేవాణ్ణి ఆపాల్సింది వేరే చట్టం. అది కూడా ఉంది. 2025 దాకా అది 1961 ప్రసూతి ప్రయోజన చట్టం. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని దాని 11వ సెక్షన్ మొదటినుంచీ చెప్తూ వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ మాటలున్నాయి. ఇప్పుడు ఆ సెలవుకు అర్హత చూడండి: కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. మా అక్క 80 కాదు, 200 రోజులు చేసింది. కడుపుతో ఎనిమిదో నెల దాకా తట్ట మోసింది. పట్టీలో ఆమె పేరు లేదు. కూలి భర్త పేరు మీద, రెండు హాజర్లుగా పడుతుంది. ఠేకేదారు మారినప్పుడల్లా పట్టీ మారుతుంది. చట్టం కళ్ళకు ఆమె ఎప్పుడూ పనిచేయలేదు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది కదా అంటారు. మొదటి బిడ్డకు 5,000 రూపాయలు. రెండో బిడ్డకు ఆడపిల్ల అయితేనే, 6,000. ఈమెకు రెండోది మగబిడ్డ. అయిపోయింది. 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంటుంది. చట్టం ఇచ్చినదాన్ని పథకం కోసేసింది.

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ తల్లిపాల ప్రోత్సాహానికి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు 'మా'. విడమరిస్తే మదర్స్ అబ్సల్యూట్ అఫెక్షన్, తల్లి సంపూర్ణ వాత్సల్యం. ఆశా కార్యకర్తలు దాని కింద చాలా మంచి పని చేస్తున్నారు, వాళ్ళను తక్కువ చేయను. నాకు ఆ పేరుతోనే గొడవ. పాలు అందకపోతే లోటు తల్లి ప్రేమలో ఉందని పేరే చెప్తోంది. ప్రేమకు ఖర్చు లేదు కనుక ప్రభుత్వాలకు అది నచ్చుతుంది. పోస్టర్లలో తల్లి ఎప్పుడూ మంచం మీద, దిండుకు ఆనుకుని, తెల్లటి గోడ ముందు కూర్చుని ఉంటుంది. ఆమె తిరిగి ఎక్కడికీ వెళ్ళాల్సిన మనిషిలా కనిపించదు.

ఈ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నను చాలా ముందే అడిగిన మనిషి మనకున్నాడు. 1928 జూలై 28న బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు మీద బాబాసాహెబ్ మాట్లాడారు. ఆ ప్రసంగం ఆయన సంపుటాల్లో రెండోదాంట్లో ఉంది, చిన్నదే, చదవండి. నాకర్థమైన మేరకు వాదన ఇది: కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి దొరికే విశ్రాంతి దేశానికే మేలు, కాబట్టి దాని భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మొయ్యాలి. అంతమాత్రాన యజమాని తప్పించుకోలేడు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళను పెట్టుకుంటే తనకు లాభం కనుకే పెట్టుకుంటున్నాడు, ఆ లాభం పొందినవాడు ఈ ఖర్చులో కూడా భాగం పంచుకోవాలి. వాత్సల్యం గురించి ఉపన్యాసం లేదు. ఎవరికి లాభం, ఎవరు కట్టాలి, అంతే. మరుసటి ఏడాది బొంబాయి రాష్ట్రంలో చట్టమైంది. ఆ ప్రసంగానికి రెండేళ్ళ ముందు, 1926 జూలైలో, ఆయన చిన్న కొడుకు రాజరత్న చనిపోయాడు. రమాబాయికీ ఆయనకూ పుట్టిన ఐదుగురిలో మిగిలింది యశ్వంత్ ఒక్కడే. ప్రసంగంలో ఆయన ఆ ఊసు ఎత్తలేదు. నేను మాత్రం ఆ తారీఖులు పక్కపక్కన పెట్టకుండా చదవలేకపోతున్నాను.

ఇంకో సంగతి దాచడం నాకిష్టం లేదు. 1943లో యుద్ధం పేరుతో బొగ్గు గనుల్లో భూగర్భ పనికి ఆడవాళ్ళను మళ్ళీ అనుమతించినప్పుడు లేబర్ మెంబరు ఆయనే. అత్యవసర పరిస్థితి అని సమర్థించారు, మగవాళ్ళతో సమానంగా కూలి ఇస్తున్నామన్నారు. 1945లో గనుల ప్రసూతి చట్టాన్ని సవరించారు. ఇది మనకు ఇబ్బందికరమైన పేజీయే. పరిశోధకులు దాన్ని దాటేయకూడదు. పనిచేసే ఆడమనిషి ఒంటి మీద రాజ్యం, యజమాని ఎంత ఒత్తిడి పెడతారో అక్కడ కూడా కనిపిస్తుంది.

ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు చేరడంలో కూడా పెద్ద చరిత్ర ఉంది. అమెరికాలో బానిస స్త్రీలు దొరల బిడ్డలకు పాలిచ్చారు, వాళ్ళ సొంత బిడ్డలు గంజితో సరిపెట్టుకున్నారు. మన దేశంలో ఇంగ్లీషు దొరల ఇళ్ళలో దాదులుండేవారు. 'దాది' అన్న మాటను మన సాహిత్యం ఎంతో మురిపెంగా వాడుతుంది, దాది బిడ్డ ఏమయ్యాడని అడగదు. పై నుంచి కిందికి ఎప్పుడూ పారని పాలవి.

మా గూడెంలో మాత్రం పాలు అడ్డంగా పారేవి. మా అమ్మ మిరపకోతలకు పోతే నాకు పక్కింటి పెద్దమ్మ తన కొడుకుతో పాటు పాలిచ్చింది. వాడు ఇప్పటికీ నన్ను పాలచెల్లి అంటాడు. సిల్తారాలోనూ అదే చూశాను. పక్క గదిలో సత్నామీ మనిషి ఉంది, రాత్రి షిఫ్టుది. ఆమెకూ చంటిపిల్ల. పగలు రెండుసార్లు మా అక్క కొడుకుకు తన పాలిచ్చింది. తెలుగు బిడ్డ, ఛత్తీస్‌గఢీ పాలు. నర్సమ్మ వద్దంది. పరీక్షలు లేకుండా ఒకరి పాలు ఒకరికి పట్టొద్దన్నది వైద్యపరంగా సరైన మాటే, హెచ్‌ఐవీ లాంటివి ఉంటాయి. ఆ పరీక్ష చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి ఇచ్చే పాల బ్యాంకులున్నాయి. ఆసియాలో మొదటిది 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మీడా ఫెర్నాండెజ్ పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఉంది. అక్కడ చాలామంది తల్లుల పాలు ఒకే పాత్రలో కలుస్తాయి. బావి దగ్గర కలవనివ్వని దేశంలో ఆ పాత్రను చూస్తే నాకు సరదాగా ఉంటుంది. అయితే అవి నెలలు నిండని, బరువు తక్కువ పిల్లల కోసం. రేకుల గది దాకా రావు.

ఛత్తీస్‌గఢ్‌లోనే ఇంకో దారి కూడా కనిపించింది ఒకప్పుడు. దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల్లో శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని కాంట్రాక్టు కార్మికుల యూనియన్‌కు కుసుమ్ బాయి ఉపాధ్యక్షురాలు. కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయారు. కార్మికులు ఆమె కోసం ఏడ్చి ఊరుకోలేదు. తమ చందాలతో, తమ చేతులతో ఆసుపత్రి కట్టారు. 1977 కాల్పుల్లో చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా 1983లో షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. ఒక కాన్పు గదిలో జరిగిన చావును యూనియన్ తన సమస్యగా తీసుకుంది. తల్లిపాలను కూలి రేటుతో సమానంగా డిమాండ్ల పత్రంలో రాసిన యూనియన్ నాకింకా సిల్తారాలో తగల్లేదు. మగ నాయకులను అడిగితే "అది ఆడవాళ్ళ విషయం కదా మేడం" అన్నారు.

ఇక్కడ కూర్చున్న మన సంగతి. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే స్త్రీకి 240 రోజుల దాకా సెలవు దొరుకుతుంది. దాన్ని సాధించడం ముఖ్యమే, మన అమ్మాయిల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసి అడిగినా గైడ్ ముఖం చూడాలి. కానీ ఇదే భవనం వరండా ఊడ్చే అక్కలు కూడా కాంట్రాక్టు మీదే ఉన్నారు. వాళ్ళలో బాలింతలు ఎన్నో రోజున తిరిగి చీపురు పట్టారో మనం ఎప్పుడైనా అడిగామా? తల్లిపాలు, ఎంపిక మీద పోయినేడు ఒక సెమినార్‌కు వెళ్ళాను. పాలివ్వలేని తల్లి అపరాధ భావం గురించి మంచి పత్రాలే చదివారు. మధ్యలో టీ ఇచ్చినామె రవిక తడిసి ఉంది. పమిట సర్దుకుంటూ కప్పులు తీసుకెళ్ళింది. హాల్లో ఎంతమంది చూశారో తెలియదు. చూసిన నేనూ నోరు విప్పలేదు.

చివరిసారి సిల్తారా వెళ్ళినప్పుడు, రోజుకు రెండు విరామాలు చట్టంలో ఉన్నాయని అక్కకు చెప్పాను. నమ్మలేదు. "కాయితం మీద రాసియ్యి" అంది. హిందీలో చట్టం పేరు, సెక్షన్ నంబరు, 15 నెలలు అన్న మాట రాసిచ్చాను. ఆమెకు చదవడం రాదు. మడిచి రవికలో పెట్టుకుంది. మర్నాడు గేటు దగ్గర గుమస్తాకు చూపించిందట. అతను పూర్తిగా చదివాడట. మంచి మనిషే, కసరలేదు. "సరే, విరామం తీసుకో. ముందు రిజిస్టర్లో నీ పేరెక్కడుందో చూపించు" అన్నాడట.

నా థీసిస్ రెండో అధ్యాయం ఆ రిజిస్టర్ గురించే. మీ ప్రశ్నలు అడగండి.